ఎలాగయ్య, ఎందుకమ్మ, ఓ గ్లాసు నీళ్లు

సినిమా హాల్లో దీపాలు ఆరిపోయినా సరే, ఆయన్ని గుర్తుపట్టడం చాలా తేలిక. తెరమీద హీరో ఇరవయ్యో అంతస్తు మీంచి దూకి, చొక్కా దులుపుకుని లేచి నిలబడ్డాడనుకోండి. హాలంతా ఈలలే ఈలలు. ఆ ఈలల మధ్య నాలుగో వరుసలోంచి ఒక గొంతు మాత్రం చాలా మర్యాదగా, చాలా బాధగా వినబడుతుంది.

"అదెలాగయ్యా?"

ఆ గొంతు లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌ది. ఇరవై రెండేళ్లుగా అదే పని. బోల్టు బిగించేముందు ఎలాగ, విప్పేముందు ఎలాగ, ఎవరైనా "పని అయిపోయింది సార్" అంటే "ఎలాగ అయింది, చూపించు" అనే మనిషి. పనిచేసేచోట అందరూ ఎలాగయ్య అని పేరు పెట్టేశారు. ఆయనా పలికేస్తాడు. ఇంకేం చేస్తాడు పాపం!

ఇక పక్క సీట్లో ఆయన అత్తగారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. మొహాలు చూడకుండా, ఒక్క "హలో" విని ఇది డాక్టరుగారు, ఇది సిమెంటు కొట్టాయన, ఇదిగో ఈయనకి ఇవాళ ఇంట్లో గొడవైంది అని చెప్పేసేవారట. ఆవిడకి హీరో ఎక్కణ్ణించి దూకినా పట్టదు. ఆవిడ ప్రశ్న వేరు.

"ఎందుకు దూకాడు? నిన్నటిదాకా ఆ పిల్లని వదిలి అడుగు కదలనివాడు ఇవాళ ఎందుకు దూకాడూ అని."

దాంతో ఆవిడ ఎందుకమ్మ అయ్యారు. ఈ పేరు పెట్టింది మాత్రం ఆవిడ సొంత కూతురే. ఒకే ఒక్కసారి, పెళ్లైన కొత్తలో, మొగుడికీ అమ్మకీ మధ్య సీట్లో కూర్చుని సినిమా చూసింది. ఎడమ చెవిలో ఎలాగ, కుడి చెవిలో ఎందుకు. మళ్లీ ఆ తప్పు చెయ్యలేదు.

ఇంతకీ వీళ్లిద్దరికీ ఏ సినిమా అంటే ఆ సినిమా కాదండోయ్. రాబోయే కాలం సినిమాలే కావాలి. యంత్రాలు, తుపాకులు, ఆకాశంలో ఎగిరే కార్లు, అందులోనూ ఒకటో భాగం తర్వాత రెండోది వచ్చేవి. ఎందుకంటే తప్పులు పట్టడానికి అంతకన్నా సారవంతమైన భూమి ఇంకోటి లేదు మరి.

అన్నిట్లోకీ ప్రాణం 'నూట పన్నెండో అంతస్తు'. ఊరు ఊరంతా ఒకే భవనం. అందులో విమానం నడిపే ఒక పిల్ల, ఆ పిల్లకి కాపలా ఉండే ఏడో నంబరు యంత్రం. ఎందుకమ్మ వాణ్ణి ముద్దుగా ఏడోవాడు అంటారు. మొదటి భాగం చివర విలన్ లిఫ్ట్ తాళ్లు కోసేస్తాడు. లిఫ్ట్ జారుతుంది, కిందనున్న బ్రేకులు పట్టాల్ని కరిచి పట్టుకుంటాయి, పెట్టె ఒరిగిపోతుంది, పిల్ల బయటికి వేలాడుతుంది. ఏడోవాడు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పదమూడు నిమిషాలు అలాగే ఉంటాడు. "వదిలెయ్, నువ్వూ పడిపోతావ్" అంటుంది పిల్ల. "పట్టుకోవడమే నా పని" అంటాడు వాడు. ఎందుకమ్మ ఏడ్చేశారు. పక్కన చూస్తే ఎలాగయ్య కళ్లు కూడా తడే.

"మీరెందుకండీ ఏడుస్తున్నారు?" అని అడిగింది భార్య వెనక వరుసలోంచి.

"బ్రేకులు సరిగ్గా చూపించారే" అన్నాడాయన ముక్కు తుడుచుకుంటూ. "జీవితంలో మొదటిసారి!"

అసలు ఎలాగయ్య ఆ ఇంటికి అల్లుడైన కథ కూడా లిఫ్ట్ కథే. అత్తగారిది ఆరంతస్తుల భవనంలో అన్నిటికన్నా పై ఇల్లు, మోటారు గది సరిగ్గా నెత్తిమీద. పద్దెనిమిదేళ్ల కిందట ఆ లిఫ్ట్ బాధ్యత ఈయనకి అప్పగించారు. నెలకోసారి, మొదటి సోమవారం. పనంతా అయ్యాక ఆ పై ఇంటి తలుపు తట్టి, "ఒక గ్లాసు నీళ్లిస్తారా అమ్మా?" అనేవాడు. లోపల్నించి అమ్మాయి స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చిచ్చేది. ఆయన ఆ గ్లాసుని లిఫ్ట్ నేలమీద మధ్యలో పెట్టుకుని ఆరో అంతస్తునించి కిందికి, కిందినించి పైకి ఒక్కడే వెళ్లొచ్చేవాడు. నీళ్లు తొణికితే మళ్లీ పైకెక్కి మోటారు విప్పడమే. తొణక్కపోతే గ్లాసు తిరిగిచ్చేసి, తనిఖీ కార్డుమీద సంతకం పెట్టి వెళ్లిపోవడమే. ఆ రోజుకి అది చివరి పరీక్ష.

నాలుగు నెలలు చూశారు పెద్దావిడ. అయిదో నెల కూతుర్ని అడిగారు. "ఏమే, దాహం అని నీళ్లు తీసుకెళ్లి నిండు గ్లాసు తెచ్చిస్తాడేం ఈ మనిషి?"

"దాహం అన్లేదమ్మా. నీళ్లు కావాలన్నాడంతే" అంది కూతురు, కొంచెం తొందరగానే.

అప్పటికే ఆ అమ్మాయి గ్లాసుని అంచుదాకా నింపడం మొదలెట్టింది, ఆయన ఎంత జాగ్రత్తగా తెస్తాడో చూద్దామని. ఒక్క చుక్క ఒలికితే ఒట్టు! "ఇలాంటివాడు చెయ్యి పట్టుకుంటే వదలడు" అన్నారు పెద్దావిడ. పెళ్లైపోయింది.

పెళ్లయ్యాక రెండు వీధుల అవతల కాపురం పెట్టారు. అయినా ఆ గ్లాసు మాత్రం ఆగలేదు. ఆదివారం అల్లుడుగా వచ్చి కాళ్లు చాపుకుని సినిమాల గురించి పోట్లాడేవాడు, మొదటి సోమవారం నాడు మాత్రం యూనిఫాం వేసుకుని గుమ్మం అవతలే నిలబడేవాడు. ఆవిడా తక్కువా? "ఏం కావాలి మెకానిక్‌గారూ?" అనేవారు, నిన్న సాయంత్రమే కదా ఇంట్లో గొంతు చించుకున్నాం అన్న జ్ఞాపకమే లేనట్టు.

ఇలా హాయిగా సాగుతుంటే పెద్దావిడ మోకాలు మొరాయించింది. ఆపరేషన్ అన్నారు. ఆ రోజు సరిగ్గా నెలలో మొదటి సోమవారమే పడింది. ఎలాగయ్య సెలవు పెట్టి ఆస్పత్రిలో ఆవిడ మంచం పక్కనే కూర్చున్నాడు. ఆ నెల లిఫ్ట్‌ని కంపెనీ ఇంకెవర్నో పంపి చూపించింది. ఎనిమిది రోజుల తర్వాత ఆవిణ్ణి చక్రాల కుర్చీలో అదే లిఫ్ట్‌లో పైకి తెచ్చారు. మందుల మత్తులో కళ్లు మూసుకునే ఉన్నారావిడ.

ఇంకో వారానికి, కాలు ముక్కాలిపీట మీద పెట్టుకుని, ఇంట్లో టీవీలో 'నూట పన్నెండో అంతస్తు' రెండో భాగం చూశారు. అల్లుడూ పక్కనే ఉన్నాడు.

అయ్యో, ఏం చెప్పమంటారు! అదే భవనం, అదే లిఫ్ట్, అదే విలన్. తాళ్లు తెగ్గానే లిఫ్ట్ రాయిలా అరవై అంతస్తులు పడిపోయింది. అంతకన్నా ఘోరం, ఏడోవాడు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఒక్క క్షణం చూసి వదిలేశాడు. పిల్ల ఎలాగో బతికిందనుకోండి. కానీ ఎందుకు వదిలాడో సినిమా అయిపోయేదాకా ఎవరూ చెప్పలేదు.

"చూశారా అత్తయ్యా!" అని లేచాడు ఎలాగయ్య. "బ్రేకులేవీ? మొదటి భాగంలో కరిచి పట్టుకున్న దవడలకి రెండో భాగంలో పళ్లు ఊడిపోయాయా? అదీకాక ఎదురు బరువు! లిఫ్ట్‌కి అవతల వైపు వేలాడే దిమ్మ ఉంటుంది. తాళ్లు తెగితే అదీ పడాలి. విలన్ సరిగ్గా దానికిందే నిలబడ్డాడు! పది నిమిషాల్లో సినిమా అయిపోవాలి!"

"యంత్రం పాడైతే పాడవుతుంది అల్లుడుగారూ. వాడి బుద్ధి ఎందుకు పాడైందీ?"

"వాడూ యంత్రమే కదండీ."

"అయితే మరీ విడ్డూరం. మనిషికైతే ఆ రోజు మనసు బాగాలేదనుకుంటాం. యంత్రానికి ఏం వచ్చింది?"

ఇదంతా మామూలు గొడవే అనుకున్నారు ఇంట్లో. కానీ ఆ తర్వాతి నెల రెండో వారంలో, వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి, "ఇక మీరు కిందికి వెళ్లి వీధిలో నడవాలండీ. ఇంట్లో నడక సరిపోదు. లేకపోతే మోకాలు ఇలాగే బిగుసుకుపోతుంది" అంది. మెట్లమీదుగా ఆరంతస్తులు దిగడం ఆ కాలితో అయ్యే పని కాదు. లిఫ్ట్ ఒక్కటే దారి.

"నేను లిఫ్ట్ ఎక్కను" అన్నారు పెద్దావిడ.

"అదేంటమ్మా?" అంది కూతురు.

"సినిమాలో చూశాంగా. పడిపోతుంది."

కూతురు నవ్వింది, కోప్పడింది, బతిమాలింది. ఉహూఁ. ఒక వారం, రెండు వారాలు, నాలుగు వారాలు. మోకాలు పొద్దున్నే వంగనని మొండికేయడం మొదలెట్టింది. వ్యాయామం అమ్మాయి మొహం సీరియస్ అయిపోయింది. "ఈ నెల దాటితే మళ్లీ మామూలుగా నడవడం కష్టమండీ" అని కూతుర్ని పక్కకి పిలిచి చెప్పింది.

అప్పుడు రంగంలోకి దిగాడు మన ఎలాగయ్య. సినిమా చేసిన నష్టాన్ని సైన్సుతో పూడుద్దామని. ఒక ఆదివారం పొద్దున్న పెద్ద కాగితం, పెన్సిలు తెచ్చుకుని అత్తగారి ఎదురుగా కూర్చున్నాడు. ఆయనకి ఇంతకన్నా సంతోషమైన పని లోకంలో లేదు.

"చూడండి అత్తయ్యా, మన లిఫ్ట్‌కి తాళ్లు నాలుగు. ఒక్కటి చాలు మొయ్యడానికి. అవి తెగినా మోటారు బ్రేకు ఉంది. అంటే, తాళ్లు తెగితే అది పనికిరాదనుకోండి, అది వేరే సందర్భానికి. వేగం పెరిగితే కనిపెట్టే చక్రం ఉంది. అది బిగుసుకోగానే దవడలు పట్టాల్ని పట్టుకుంటాయి. పైకి మరీ వెళ్లిపోకుండా ఒక స్విచ్చి, కిందికి పోకుండా ఒక స్విచ్చి. తలుపు సరిగ్గా పడకపోతే కదలదు. బరువెక్కువైతే గంట కొడుతుంది. ఇవన్నీ పోయినా కింద గుంటలో స్ప్రింగులు!"

పెద్దావిడ వేళ్లమీద లెక్కపెట్టుకున్నారు.

"తొమ్మిది" అన్నారు.

"ఆఁ, తొమ్మిది!" ఎలాగయ్య మొహం వెలిగిపోయింది.

"నాకిన్నాళ్లూ తాడు తెగడం ఒక్కటే తెలుసు అల్లుడుగారూ. ఇప్పుడు భయపడ్డానికి తొమ్మిది ఇచ్చారు."

వంటింట్లోంచి భార్య నెత్తి కొట్టుకున్న చప్పుడు వినిపించింది.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికెళ్లిపోయాడు. ఆ వారమంతా పనిలో ఒకటే పరధ్యానం. ఎవరో "సార్, ఈ స్క్రూ ఎలాగ?" అంటే "ఏదోలాగ" అన్నాడట! వాళ్లు బెదిరిపోయారు, ఈయనకి ఒంట్లో బాగాలేదేమోనని.

ఆ శుక్రవారమే మూడో భాగం విడుదలైంది. ఎలాగయ్య సోమవారం సాయంత్రం ఆటకి మూడు టికెట్లు కొన్నాడు. మర్నాడు సోమవారం అనగా, ఆదివారం మధ్యాహ్నం, వాటిని అత్తగారి ముందు బల్లమీద పెట్టాడు. ఏడోవాణ్ణి చూడ్డానికైనా దిగకపోతారా అని ఆశ.

ఆవిడ టికెట్లవైపు చాలాసేపు చూశారు. ఒకదాన్ని వేలితో పక్కకి జరిపారు.

"మీరిద్దరూ వెళ్లిరండి. వచ్చాక కథ చెబుదురుగాని."

ఎందుకమ్మ సినిమాకి రాననడమా? అదీ ఈ సినిమాకి? ఇది సినిమా భయం కాదు, ఇంకేదో అని ఎలాగయ్యకి మొదటిసారి అనిపించింది. సినిమాకి భయపడ్డ మనిషి సినిమాని తిడుతుంది, లేదా చూస్తానంటుంది. ఇలా మెల్లిగా పక్కకి జరపదు.

"అత్తయ్యా" అన్నాడు మెల్లిగా. "రెండో భాగం రాసినవాళ్లకి మతిలేదు. ఏడోవాడు చెయ్యి వదిలే రకం కాదు. ఆ ముక్క లెక్కలోంచి తీసెయ్యండి."

"ఎలా తీసేస్తాను? కళ్లారా చూశాక?" టికెట్లమీంచి చూపు తిప్పుకున్నారు ఆవిడ. "వదిలాడు. వదిలినందుకు నాకు కోపం లేదు. ఏదో కారణం ఉండే ఉంటుంది. అది నాకు చెప్పలేదు. ఏళ్ల తరబడి పట్టుకున్నవాడు ఒకరోజు పట్టుకోకపోతే, ఇదీ సంగతి అని ఒక్క మాట చెబితే ఏం పోయింది? చెప్పకపోతే ఏమవుతుందో తెలుసా? ఇదివరకు పట్టుకున్నది కూడా నిజంగానే పట్టుకున్నాడా అని అనుమానం వస్తుంది."

ఎలాగయ్య బుర్ర ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. ఏళ్ల తరబడి? సినిమాలో పదమూడు నిమిషాలేగా.

ఆవిడ చూపు ఎటుందా అని చూశాడు. వంటింటి అలమరలో స్టీలు గ్లాసు. అంచు దగ్గర చిన్న సొట్ట. బోర్లించి ఉంది.

"ఆ గ్లాసు బోర్లించారేం అత్తయ్యా?"

"ఎవరూ అడగట్లేదుగా."

ఆవిడే అసలు సంగతి చెప్పారు. "ఆపరేషన్‌నాడు మీరు రాలేదంటే, నా పక్కనే ఉన్నారు, సరే. ఆ తర్వాతి నెల వచ్చారు. నెత్తిమీద మోటారు గదిలో మీ అడుగుల చప్పుడు నేను పోల్చుకోలేనా? ముప్పై ఏళ్లు చెవులతో బతికాను. పని చేశారు, సంచీ సర్దుకున్నారు. గ్లాసు కోసం చూశాను. అమ్మాయిని కూడా పిలవకుండా నేనే గుమ్మందాకా వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. మీరు రాలేదు. అంటే చివరి పరీక్ష చెయ్యకుండానే వెళ్లిపోయారు. పోయిన నెలా అంతే. మరి అలాంటి లిఫ్ట్ నేనెలా ఎక్కుతాను?"

"చేశానండీ!" కుర్చీలోంచి సగం లేచాడు ఎలాగయ్య. "రెండు నెలలూ చేశాను! మీకు కాలు బాగాలేదు కదా, తలుపు తడితే లేచి వస్తారేమో, మీరు కదలకూడదని... నా ఫ్లాస్కు మూతలో నీళ్లు పోసుకుని చేశాను."

"ఫ్లాస్కు మూతలోనా!"

"అవునండీ."

"పద్దెనిమిదేళ్ల గ్లాసు వదిలేసి, మూతలో!"

"మీ మోకాలి కోసమేనండీ."

"ఆ ముక్క ఏ సీన్లో చెప్పారూ?"

"చెప్పలేదండీ."

"కత్తిరించేశారన్నమాట" అన్నారు ఆవిడ. "రెండో భాగం రాసింది మీరే అయ్యుంటారు."

కూతురు గుమ్మంలో నిలబడి నవ్వలేక ఏడవలేక చూస్తోంది. "అమ్మా, ఈ మాట నెల కిందటే అడగొచ్చు కదా నువ్వు? ప్రతి ఆదివారం వస్తూనే ఉన్నారుగా?"

"అడిగి తెప్పించుకోవాలా? అంత పద్ధతిగా వచ్చే మనిషిని ఏమని అడగనూ?" అన్నారు ఆవిడ. కొంచెం సిగ్గుపడ్డారు కూడా. "రేపు మొదటి సోమవారమేగా, చూద్దాం."

మర్నాడు ఎలాగయ్య పనికొచ్చిన తీరు చూడాలి! మామూలుగా రెండు గంటల పని, మూడున్నర గంటలు చేశాడు. నాలుగు తాళ్లనీ చేత్తో తడిమాడు, పట్టాలు తుడిచాడు, దవడలు నొక్కి చూశాడు. పై ఇంట్లో పెద్దావిడ కుర్చీలో కూర్చుని కప్పువైపు చూస్తూ ఒక్కో చప్పుడూ వింటున్నారు. "ఇప్పుడు పెద్ద చక్రం దగ్గరున్నారు... ఇప్పుడు మూత బిగిస్తున్నారు..." అని కూతురికి చెబుతున్నారు.

తలుపు తట్టిన చప్పుడైంది.

కూతురు లేవబోతే చేత్తో ఆపేశారు. చేతికర్ర తీసుకుని ఆవిడే లేచారు. గుమ్మందాకా ఇరవై ఆరడుగులు. తలుపు తీసేసరికి ఎదురుగా యూనిఫాం, సంచీ, చేతికి గ్రీజు మరకలు.

"ఏం కావాలి మెకానిక్‌గారూ?"

"ఒక గ్లాసు నీళ్లిస్తారా అమ్మా?" అన్నాడు ఆయన.

కూతురు గ్లాసు నింపి తెచ్చింది. అంచుదాకా, పెళ్లికి ముందు నింపినట్టే. ఎలాగయ్య చెయ్యి చాపాడు. పెద్దావిడ అడ్డంగా అందుకున్నారు.

"ఇవాళ పట్టుకోవడం నా పని" అన్నారు.

ఎలాగయ్య లిఫ్ట్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో గ్లాసు, గడప దగ్గర ఒక్క క్షణం ఆగారు. ఆయన తొమ్మిదిట్లో ఒక్కటి కూడా ఎత్తలేదు. జీవితంలో అంత కష్టమైన పని ఆయన ఎప్పుడూ చెయ్యలేదు. ఆవిడ లోపలికి అడుగేశారు.

తలుపు పడింది. ఆరు. అయిదు. ఆవిడ కళ్లు గ్లాసుమీదే. నాలుగు.

"తాళ్లెన్నన్నారూ?"

"నాలుగండీ."

"ఒకటి చాలన్నారుగా. మిగతా మూడూ ఎందుకు?"

ఎలాగయ్య ఆలోచించాడు. బరువుల లెక్క, నియమాల పుస్తకం అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేశాడు.

"లోపల మీరుంటారని."

మూడు. రెండు. ఒకటి. లిఫ్ట్ ఆగిన సంగతి కూడా తెలియలేదు, తలుపు తెరుచుకుంటేనే తెలిసింది.

"ఒక చుక్క ఒలికింది" అన్నారు పెద్దావిడ, మణికట్టు చూపించి.

"అది లిఫ్ట్ కాదండీ, మీ చెయ్యి."

"తెలుసు లెండి. కార్డుమీద రాసుకోండి." అని గ్లాసెత్తి గడగడా నీళ్లు తాగేశారు. ఎలాగయ్య బిత్తరపోయాడు. పద్దెనిమిదేళ్లలో ఆ నీళ్లు ఎవరూ తాగలేదు.

"అలా చూస్తారేం? దాహమేసింది" అని ఖాళీ గ్లాసు అల్లుడి చేతిలో పెట్టి, కర్ర తాటిస్తూ గేటువైపు నడిచారు. పది అడుగులేసి వెనక్కి తిరిగారు. "ఆట ఎన్నింటికీ?"

సాయంత్రం ముగ్గురూ హాల్లో కూర్చున్నారు. కూతురు జాగ్రత్తగా వెనక వరుసలో. మూడో భాగం మొదలైంది. ఏడోవాడు ఎందుకు చెయ్యి వదిలాడో మొదటి సీన్లోనూ చెప్పలేదు, రెండో సీన్లోనూ చెప్పలేదు. పిల్ల మళ్లీ అదే లిఫ్ట్ ఎక్కింది. విలన్ మళ్లీ తాళ్లు కోశాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది.

ఆ నిశ్శబ్దంలో నాలుగో వరుసలోంచి ఒక పెద్దావిడ గొంతు ఖంగుమని మోగింది.

"ఎదురు బరువు ఏదయ్యా? ఆ దిమ్మ ఏదీ?"

కూతురు రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. ఎలాగయ్య మాత్రం గర్వంగా చుట్టూ చూశాడు, ఆ గొంతు తమవాళ్లదేనని అందరికీ తెలిసేలా.